తొక్కుడు పలక మాస్టరు

మాస్టరు పోయాడని చెప్పడానికి పాలమూరు నుంచి ఇద్దరు మనుషులు మోత్కూర్ దాకా వచ్చారు. ఇద్దరూ ఆయన దగ్గర బుల్‌బుల్ వాయించడం నేర్చుకున్నవాళ్లట. సంతాప సభ పెడుతున్నారు. ఆయనతో కలిసి వాయించిన పాతవాళ్లలో మిగిలింది నేనొక్కడినే కనుక వచ్చి నాలుగు మాటలు చెప్పాలని అడిగారు.

"ఏం చెప్పమంటరు?" అన్నాను.

"మంచి మాటలే పెద్దనాయినా. మా సారు కనిపెట్టిన తొక్కుడు పలక గురించి చెప్పుండ్రి. గసొంటిది మన దిక్కు ఇంకెవ్వరు చెయ్యలే" అన్నాడు వాళ్లలో చిన్నవాడు.

మోకాళ్ల నొప్పులు, రాలేనన్నాను. నా మోకాళ్లకు ఏమీ కాలేదు. మొన్న అంగడికి నడిచే పోయి వచ్చాను. మనిషి చచ్చిపోగానే మంచివాడైపోవాలన్న ఏర్పాటు నాకు మొదటి నుంచీ గిట్టదు. దండ వేసిన ఫోటో పక్కన నిలబడి అబద్ధాలు చెప్పడం కంటే ఇంట్లో కూర్చుని నిజం రాసుకోవడం నయమనిపించింది.

ఆయన పొట్టి మనిషి. మెడ మాత్రం పొడుగు. ఎవరితోనైనా మాట మొదలుపెట్టే ముందు ఆ మెడ సాచి అవతలి మనిషి చొక్కా గుండీలు చూసేవాడు. ఏదైనా గుండీ దారానికి వేలాడుతూ కనిపిస్తే ఇక ఊరుకునేవాడు కాదు. రెండు వేళ్లతో పట్టి లాగి, తెంపి, తీసి ఆ మనిషి చేతిలోనే పెట్టేవాడు. "ఎట్లయిన ఊడేదే గదా. నేను ఊడదీసిన, గంతే" అనేవాడు. ఒక్కరికైనా తిరిగి కుట్టించి ఇచ్చిన పాపాన పోలేదు.

వదులుగా ఉన్నది ఏదీ ఆయనకు సహించదు. భువనగిరిలో గుట్ట కింది గల్లీలో కిరాయి ఇంట్లో ఉండేవాడు. ఆ ఇంటి గోడలు చూస్తే ఇల్లుగల ఆసామి మీద జాలి పుట్టేది. అద్దానికి నాలుగు మూలలా మేకులు. దువ్వెనకు తాడు, తాడుకు మేకు. చెంబుకు గొలుసు, గొలుసుకు మేకు. వచ్చినవాళ్లు కూర్చునే పీటను కూడా మట్టినేలలోకి పొడుగాటి మేకులు దిగ్గొట్టి బిగించాడు. అది ఆయన మంచానికి దూరంగా ఉండేది. దగ్గరికి జరుపుకుందామంటే కదలదు. ఎంత పెద్దమనిషి వచ్చినా ఆ పీట మీద కూర్చుని, ముందుకు వంగి, అర్జీ పెట్టుకోవడానికి వచ్చినవాడిలా మాట్లాడవలసిందే. ఆయన మంచం మాత్రం ఎటు కావాలంటే అటు జరిగేది. ఎండాకాలం గాలి వచ్చే దిక్కుకు, చలికాలం పొయ్యి దిక్కుకు జరుపుకునేవాడు.

"మా ఇంట్ల మొల కొట్టించుకోంది నేనొక్కదాన్నే బిడ్డా. ఏడ కొట్టాల్నో ఇంక జాగ దొరకలే ఆయనకు" అని ఆయన భార్య ఒకసారి నాతో అన్నది. అని నవ్వింది. ఆ నవ్వు అంతగా బాగాలేదు.

నేను ఆయన దగ్గర చేరినప్పుడు నాకు ఇరవై దాటాయి. మగ్గం మీద కూర్చోవలసినవాడిని ఢోలక్ మీద కూర్చున్నానని మా బాపు కోపం. అయినా నా పోరు పడలేక ఆ ఢోలక్ కొనిచ్చింది కూడా బాపే. పెళ్లిళ్లకు ముగ్గురం కలిసి పోయేవాళ్లం. మాస్టరు బుల్‌బుల్ వాయించేవాడు. ఎడమ చేత్తో మీటలు నొక్కుతూ కుడి చేత్తో తీగలు మీటే వాద్యం అది. సినిమా పాట అందులో పలికితే జనం విరగబడేవారు. బాగానే వాయించేవాడు, అది కాదనను. నేను ఢోలక్. మూడోవాడు మల్లయ్య.

మల్లయ్య తిరుమలగిరి పక్క ఊరివాడు. ఒగ్గు కథలు చెప్పే కురుమల ఇంటి మనిషి. వానాకాలం గొర్రెల వెంట, పెళ్లిళ్ల కాలంలో మా వెంట తిరిగేవాడు. అతని చేతిలో తాత నాటి ఇత్తడి తాళాలు ఉండేవి. ఒక్కోటి అరచెయ్యి కంటే పెద్దది. నడుమ ఉబ్బెత్తు బొడిపె, ఆ బొడిపెకు చిల్లు, చిల్లులోంచి నూలు తాడు. ఆ తాడు పట్టుకునే వాయించాలి. అంచుకు వేలు తగిలినా మోత చచ్చిపోతుంది. మల్లయ్య వాటిని ఒక్కసారి తాకించి వదిలితే ఆ మోత పందిరి దాటి, బండ్లు విప్పిన చోటు దాకా పోయి, ఎద్దులు తల ఎత్తేవి.

ఒక ఏడు వానాకాలం చివర మల్లయ్యకు జ్వరం తగులుకుంది. భువనగిరి దవాఖానకు బండి కట్టుకుని తెచ్చేసరికి ఆలస్యమైపోయింది. మల్లయ్యను మట్టి చేసి వస్తున్నాం. నాకు ఏడుపు ఆగడం లేదు. మాస్టరు నా పక్కనే నడుస్తున్నాడు. కొంతదూరం వచ్చాక, "ఇగ తాళం సంగతేంది?" అన్నాడు.

"ఇప్పుడా ముచ్చట?" అన్నాను.

"ఎప్పుడైనా అనుకోవాల్సిందే గదా. మనిషితోటి గిదే పంచాది యాదగిరీ. కదుల్తడు. రోగమొస్తది, పోతడు. అదే ఒక పలక అనుకో, ఏడికి పోతది?"

తొక్కుడు పలక పుట్టింది ఆ దారిలోనే. పాలమూరు పిల్లలకు ఈ సంగతి తెలియదు.

మనిషి కూర్చుంటే రెండు పాదాలూ ఆనేంత టేకు పలక చేయించాడు. దాని మీద ఎడమకాలి కింద ఒక తొక్కుడు చెక్క, కుడికాలి కింద మరొకటి. ఎడమది తొక్కితే పైన ఉన్న తాళం వచ్చి కింది తాళానికి తగులుతుంది. కుడిది తొక్కితే గుడ్డ చుట్టిన కొయ్య సుత్తి ఢోలక్ మీద పడుతుంది. పలక ఎగువన చిన్న బల్ల, దాని మీద బుల్‌బుల్. అంటే ముగ్గురి పని ఒక్కడు చేస్తాడన్నమాట. ఊహ మంచిదే. చిక్కంతా ఈ వాద్యాలను పలక మీద నిలబెట్టడంలో ఉంది. కాలు తొక్కినప్పుడల్లా ఆ ఊపుకు అన్నీ కొద్దికొద్దిగా ముందుకు జారతాయి. బండి కుదుపులకు పక్కలకు పోతాయి. జారకుండా ఆపాలి, వాద్యానికి దెబ్బ తగలకూడదు.

పరీక్షకని మాస్టరు నా ఢోలక్ అడిగాడు. ఇచ్చాను. వారం తర్వాత వెళ్లి చూస్తే ఢోలక్ పక్కల్లోంచి రెండు పెద్ద మేకులు దూరి పలకలోకి దిగి ఉన్నాయి.

"ఇదేంది మాస్టరూ!" అన్నాను.

"చూడు, ఎట్ల నిలబడ్డదో. ఏనుగు తొక్కినా కదలదు" అన్నాడు. మెడ సాచి, నా మొహం చూసి, "చెక్కకు నొప్పుంటదా?" అని నవ్వాడు.

ఎండలు ముదిరేసరికి ఆ మేకుల దగ్గర మొదలైన చీలిక ఈ చివరి నుంచి ఆ చివరికి పాకింది. ఢోలక్ మూగబోయింది. ఆయన దాన్ని ఊడపీకి, ఎక్కడో దొరికిన మరో పాత ఢోలక్ బిగించుకున్నాడు. దానికీ మేకులే.

నాది తెచ్చుకోవడానికి వెళ్లిన రోజే అసలు సంగతి నాకు కనబడింది. ఆయన బుల్‌బుల్‌ను పలక మీది చిన్న బల్లకు బిగిస్తున్నాడు. నన్ను చూడలేదు, పనిలో మునిగిపోయి ఉన్నాడు. కింద పాత బొంత ముక్కను నాలుగు మడతలు వేసి పరిచాడు. మీద బుల్‌బుల్ పెట్టాడు. సైకిల్ ట్యూబును సన్నని పట్టీలుగా కోసి, మీటలకూ తీగలకూ తగలకుండా రెండు చివర్లలో అడ్డంగా వేసి, బల్ల కింద ముడి వేశాడు. ముందుకు జారకుండా ఒక చిన్న కర్రముక్కను బల్లకు అతికించి, ఆ కర్రముక్కకు కూడా గుడ్డ చుట్టాడు. తర్వాత మంచం మీద బొంత పరిచి, పలకను దాని మీదికి తెచ్చి, పసిపిల్లను బోర్లించినంత మెల్లగా తిరగేసి, ఊపి చూశాడు. బుల్‌బుల్ వెంట్రుక వాసి కదల్లేదు. ఎక్కడా ఒక మేకు లేదు, ఒక గీత లేదు.

"మరి దీనికి మొల కొట్టలేదేంది?" అని అడిగాను.

ఆయన తల తిప్పి చూశాడు. సిగ్గుపడతాడేమో అనుకున్నాను. నా ప్రశ్నే అర్థం కానట్టు చూశాడు.

"ఇది నాది" అన్నాడు.

తెలియక పాడుచేసినవాణ్ని తిట్టి వదిలేయవచ్చు. ఈయనకు తెలుసు. వస్తువును నొప్పించకుండా నిలబెట్టే విద్య వేళ్ల కొసల దాకా తెలుసు. దాన్ని తన వస్తువుకు మాత్రమే ఖర్చుపెట్టేవాడు. పగిలిన ఢోలక్ చంకన పెట్టుకుని ఆ రోజే మోత్కూర్ వచ్చి మగ్గం మీద కూర్చున్నాను. బాపు ఢోలక్ వంక చూశాడు, నా వంక చూశాడు.

మళ్లీ ఆయన్ను చూసింది తిరుమలగిరిలో, మా మేనమామ కూతురి పెళ్లిలో. పొద్దున లగ్గం. పందిట్లో ఒక మూల పలక ముందు పెట్టుకుని, ఇస్త్రీ చొక్కాతో, నూనె కారుతున్న తలతో కూర్చుని ఉన్నాడు. నన్ను చూసి తల పంకించాడు. నేను మొహం తిప్పుకున్నాను.

కాసేపటికి వాయించడం మొదలుపెట్టాడు. బుల్‌బుల్ బాగానే పలుకుతోంది. ఢోలక్ కూడా ఫర్వాలేదు. తాళం మాత్రం ఎడమకాలు పడినప్పుడల్లా టప్పు టప్పుమంటోంది. డబ్బా మూత మీద కర్రతో కొట్టినట్టుంది.

అప్పుడే మల్లయ్య భార్య కొమురవ్వ పందిట్లోకి వచ్చింది. మా అత్తకు ఆమె బాగా తెలిసిన మనిషి. ఆమె లోపలికి రాబోతూ పందిరి గుంజ దగ్గర ఆగిపోయింది. చెవి ఒగ్గి విన్నది. తర్వాత ఆడవాళ్ల వైపు పోకుండా నేరుగా మాస్టరు ముందుకు నడిచి వచ్చింది.

"మాస్టరూ, జర ఆపు."

ఆయన కళ్లు మూసుకుని వాయిస్తున్నాడు. వినలేదో, విననట్టున్నాడో. కొమురవ్వ తన కాలు తీసి ఆ ఎడమ తొక్కుడు చెక్క మీద పెట్టింది. తాళం ఆగింది. ఆయన కళ్లు తెరిచాడు.

"లగ్గంల గడబిడ చేస్తవేందమ్మా?"

"గివి నా తాళాలేనా?"

"నీయే. నీ పెనిమిటి పేరు నిలబెడ్తున్న."

ఆమె వంగి చూసింది. నేనూ దగ్గరికి వెళ్లాను. కింది తాళానికి అంచు వెంట మూడు చిల్లులు పొడిచి, మూడు స్క్రూలతో పలకకు బిగించి ఉంది. బొడిపెకు ఉన్న పాత చిల్లు అట్లాగే ఉంది, తాడు లేదు.

ఆమె మూడు స్క్రూలనూ వేలితో తడిమింది. తర్వాత మెల్లగా అడిగింది. "తాడు కట్టి ఇచ్చిన గద మాస్టరూ? చేతికి తగలొద్దు, నేలకు తగలొద్దని చెప్పి ఇచ్చిన. నువ్వేమన్నవు? పాణం లెక్క చూసుకుంట అన్నవు. గొంగడి ముక్కల సుట్టి మరీ ఇచ్చిన."

జనం చుట్టూ చేరారు. మా మామ వచ్చాడు, పెళ్లికొడుకు తండ్రి వచ్చాడు. మాస్టరు పెదాలు తడుపుకున్నాడు. మెడ సాచి అందరినీ ఒకసారి చూశాడు. నా దగ్గర ఆ చూపు ఆగింది.

"నేను కొట్టలేదమ్మా" అన్నాడు. "గీ యాదగిరి కొట్టిండు. నా దగ్గర పనికుండె గదా. తెల్వని పిలగాడు, నేను లేనప్పుడు కొట్టిండు. చెప్తె బాగుండదని నేనే కడుపుల పెట్టుకున్న."

కొమురవ్వ నా వైపు తిరిగింది. ఆమె చేతి జొన్నరొట్టెలు ఎన్ని తిన్నానో నాకు లెక్క లేదు. మల్లయ్య పాడె మోసిన నలుగురిలో నేనొకడిని.

"నువ్వా కొడుకా?" అన్నది.

ఆ మాటలో కోపం లేదు. అదే నన్ను కాల్చింది. మా బాపు జనంలో ఉన్నాడు. చుట్టాలంతా ఉన్నారు. కాదు, నేను కాదు అని అరిస్తే ఎవరు నమ్ముతారు? ఆయన ఇస్త్రీ చొక్కా వేసుకున్న మాస్టరు, నేను ఆయన దగ్గర పనిచేసి మానేసినవాడిని.

నేను వెళ్లి పలక ముందు కూర్చున్నాను. బుల్‌బుల్ మీది రబ్బరు పట్టీలను ఒకదాని తర్వాత ఒకటి పక్కకు తప్పించాను.

"ఏయ్! పైలం! తీగలు సుతి తప్పుతయ్!" అని ఆయన కేక పెట్టాడు. అంతసేపూ కొమురవ్వ తాళం గురించి లేని ఆదుర్దా ఆ గొంతులో అందరికీ వినబడింది.

బుల్‌బుల్‌ను ఎత్తి, తిరగేసి, అందరికీ కనబడేట్టు పట్టుకున్నాను. "చూడుండ్రి. ఇది మాస్టరుది. కింద ఒక్క గీకన్న ఉన్నదా? నేనే తెల్వక కొట్టేటోన్నయితే దీనికి గూడ కొడుదును గదా? దీనికి రబ్బరెందుకు, మెత్తెందుకు?"

నేను ఇంకా ఏదో అనబోతున్నాను. కొమురవ్వ చెయ్యి అడ్డం పెట్టింది. ఆమె చూపు నా చేతుల్లోని బుల్‌బుల్ మీద లేదు, అది ఉన్న చోట బల్ల మీద ఉంది. అక్కడ బొంత ముక్క స్థానంలో ఇప్పుడు కొత్తగా నల్లటి గొంగడి ముక్క ఉంది. అంచుకు ఎర్ర దారంతో కుట్టు.

ఆమె దాన్ని తీసి చేతిలోకి తీసుకుంది. "గీ కుట్టు నాది" అన్నది. "తాళాలు సుట్టి ఇచ్చింది గీ ముక్కలనే."

తాళానికి మెత్తగా ఉండాలని ఆమె చుట్టి ఇచ్చిన గుడ్డ తీసి తన బుల్‌బుల్ కింద పరుచుకుని, తాళాన్ని స్క్రూలతో పొడిచాడు ఆ మనిషి. ఎవరూ ఆయన్ను తిట్టలేదు. తిట్టడానికి మాట దొరకాలి కదా.

"ఇప్పు" అన్నది కొమురవ్వ.

"లగ్గం కానియ్యమ్మా, ఇప్పి ఇస్త."

"ఇప్పుడే ఇప్పు."

ఆయన మా మామ వైపు చూశాడు. మా మామ వేరే వైపు చూశాడు. చివరికి మాస్టరు సంచిలోంచి పేచ్‌కస్ తీసి, మోకాళ్ల మీద వంగి స్క్రూలు తిప్పడం మొదలుపెట్టాడు. కదలకూడదని బిగించిన స్క్రూలు అవి. రెండు ఊడాయి. మూడోదాని తల అరిగిపోయి పేచ్‌కస్ జారిపోతోంది. చెమట కారుతోంది. ఇక్కడ ముహూర్తం దగ్గర పడుతోంది, మేళం లేదు.

అప్పుడు ఆడవాళ్లలోంచి ఎవరో పెళ్లిపాట ఎత్తుకున్నారు. పక్కవాళ్లు చప్పట్లతో అందుకున్నారు. ఇంకాసేపటికి పందిరి నిండా పాటే. జిలకర బెల్లం అయింది, పుస్తె కట్టడం అయింది. తలంబ్రాల దగ్గరికి వచ్చేసరికి కొత్తజంట పోటీలు పడి బియ్యం చల్లుకుంటున్నారు. ఆ బియ్యం వచ్చి పలక మీద, వంగిన మాస్టరు వీపు మీద పడుతోంది. పెళ్లికొడుకు తండ్రి ఆయన భుజం తట్టి, "జర పక్కకు జరుగు మాస్టరూ, అడ్డమున్నవ్" అన్నాడు. ఆయన పలకతో సహా జరిగాడు. మళ్లీ ఇంకెవరో జరగమన్నారు. మళ్లీ జరిగాడు. చివరికి పందిరి బయట, విస్తళ్లు పారేసే వైపు కూర్చుని ఆ మూడో స్క్రూ ఊడదీశాడు.

కొమురవ్వ తాళాలు తీసుకుని, గొంగడి ముక్కలో చుట్టుకుని, భోజనానికి ఉండకుండానే వెళ్లిపోయింది. నేను వెంట వెళ్లబోతే, "నువ్వు తిని రా బిడ్డా. నువ్వు కాదని నాకు ఎర్కనే. నీ నోటితోని వినాలని అడిగిన" అన్నది.

చిల్లులు పడిన తాళాన్ని భువనగిరిలో ఒక కంచరి దగ్గరికి ఆమెతో పాటు నేనే తీసుకెళ్లాను. ఆయన గోటితో మీటి చూసి పెదవి విరిచాడు. చిల్లులు పూడ్చినా మోగదు, రెండింటినీ కరిగించి కొత్తగా పోయడమే దారి అన్నాడు. కొమురవ్వ చాలాసేపు గడప మీద కూర్చుని ఆలోచించి, సరేనన్నది. కొత్తవి మల్లయ్య తమ్ముడి కొడుకు చేతికి వచ్చాయి. అతను మొదటిసారి ఒగ్గు కథకు వాటిని వాయించినప్పుడు ఆమె దూరంగా గొర్రెల దడి దగ్గర నిలబడి విన్నది. నేను పక్కన ఉన్నాను.

"మంచిగనే మోగుతున్నయ్" అన్నది. కాసేపటికి, "గొంతు వేరే" అన్నది. లోపలికి పోయి గొర్రెల లెక్క చూసుకుంది.

మాస్టరును ఆ తర్వాత మా దిక్కు ఎవరూ పెళ్లికి పిలవలేదు. పాలమూరు చేరి, ఎవరికీ ఏమీ తెలియని చోట పలక కనిపెట్టిన పెద్దమనిషి అయ్యాడు. పిల్లలకు సంగీతం చెప్పడం మొదలుపెట్టాడని విన్నాను. చాలా ఏళ్ల తర్వాత ఒకసారి చీరల మూటతో పాలమూరు బజారుకు వెళ్లినప్పుడు ఆయనే నన్ను గుర్తుపట్టి పిలిచాడు. కాళ్లు వాచి ఉన్నాయి, ఇక తొక్కలేడు. అరుగు మీద కూర్చోబెట్టి, లోపలికి కేకేసి చాయ్ పెట్టమన్నాడు. ఇద్దరమూ వీధి వంక చూస్తూ కూర్చున్నాం.

"కొమురవ్వ మంచిగున్నదా?" అని హఠాత్తుగా అడిగాడు.

ఉన్నదన్నాను.

"గా దినం తప్పు నాదే యాదగిరీ."

నేను తల తిప్పి ఆయన మొహం చూశాను. కళ్లలో నీళ్లు తిరుగుతున్నాయి. అన్నేళ్ల అసహ్యం నాలో ఒక్కసారిగా సడలింది. ముసలివాడైపోయాడు, పోనీలే అనుకున్నాను. ఆయన చేతి మీద చెయ్యి వేయడానికి చెయ్యి కూడా లేపాను.

"మస్తు సార్లు ఆలోచన చేసిన" అన్నాడు. "తాళానికి మూడే కొట్టిన. గందుకే మోగలే. ఇంకోటి కొట్టాల్సుండె."

నేను లేచి చీరల మూట భుజానికి ఎత్తుకున్నాను.

"చాయ్ వస్తాంది, తాగి పో" అన్నాడు.

తాగలేదు.